మంత్రగత్తె డిటెక్టివ్ అయితే...

సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మా మనవరాలు వేలూరులో మా ఇంట్లో ఒక పుస్తకం మరచిపోయి వెళ్ళింది. అట్ట మీద నల్లపిల్లి, చీపురుకట్ట, కిటికీలో వెలుగుతున్న దీపం. "చిన్నపిల్లల పుస్తకమా తల్లీ?" అని ఫోనులో అడిగితే పక్కున నవ్వింది. "కాదు అమ్మమ్మా, అది హత్య కథ. చంపిందెవరో కనిపెట్టేది ఒక మంత్రగత్తె. రాత్రి నిద్ర పట్టకపోతే చదువు, బాగుంటుంది" అంది.

హత్య కథ చదివితే ఉన్న నిద్ర కూడా పోతుందేమో అనుకున్నాను. కానీ మూడు రాత్రుల్లో పూర్తి చేసి, అటువంటివే మరికొన్ని తెప్పించుకున్నాను. చదువుతున్నంతసేపూ గుడియాత్తంలో నా చిన్నతనంలో చూసిన ఒక అవ్వ గుర్తుకొస్తూనే ఉంది. ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు ఈ నవలల సంగతి చెప్పాలి.

హాయిగా చదువుకునే హత్యలు

ఇంగ్లీషులో వీటిని 'కోజీ మిస్టరీ' అంటారు. చలికాలంలో దుప్పటి కప్పుకుని, పక్కన వేడి కాఫీ పెట్టుకుని చదువుకునే అపరాధ పరిశోధక నవలలన్నమాట. వీటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కథ జరిగేది చిన్న ఊళ్ళో. అక్కడ అందరికీ అందరూ తెలుసు. హత్య జరుగుతుంది గానీ నెత్తుటి వర్ణనలుండవు. పరిశోధన చేసేది పోలీసు కాదు. బేకరీ నడిపే ఆవిడో, గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయో, కుట్లు అల్లికలతో కాలక్షేపం చేసే ముసలమ్మో. చివరికి దోషి దొరుకుతాడు, ఊరు కుదుటపడుతుంది.

ఈ కోవకు పెద్దదిక్కు అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్. ఆవిడ మొదటి నవల 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' 1930లో వచ్చింది. పెళ్ళి చేసుకోకుండా పల్లెటూళ్ళో ఒంటరిగా ఉండే వృద్ధురాలు, తోటపని చేసుకుంటూ, ఊలు అల్లుకుంటూ, ఊరి మనుషుల స్వభావాలు కాచి వడపోసి ఉంటుంది. దానికి ఒక ఏడాది ముందే, 1929లో, గ్లాడిస్ మిచెల్ అనే రచయిత్రి 'స్పీడీ డెత్' నవలలో మిసెస్ బ్రాడ్లీని ప్రవేశపెట్టింది. ఈవిడ మానసిక శాస్త్రవేత్త, కానీ ముఖం చూస్తే మంత్రగత్తెలా ఉంటుంది; తన వంశంలో ఒక మంత్రగత్తె ఉండేదని గొప్పగా చెప్పుకుంటుంది కూడా. ఆవిడతో 66 నవలలు వచ్చాయి.

అసలు సిసలు మంత్రగత్తెలు ఈ శతాబ్దంలో వచ్చారు. షిర్లీ డామ్స్‌గార్డ్ 2005లో రాసిన 'విచ్ వే టు మర్డర్'లో అయోవా రాష్ట్రంలోని చిన్న ఊళ్ళో ఒఫీలియా అనే లైబ్రేరియన్ ఉంటుంది. ఆమె అమ్మమ్మ యాబీ మూలికలూ మంత్రాలూ తెలిసిన మనిషి. అమ్మమ్మకు ఆ విద్య ఇష్టం, మనవరాలికి చిరాకు. జూలియట్ బ్లాక్‌వెల్ 2009లో రాసిన 'సెకండ్‌హ్యాండ్ స్పిరిట్స్'లో లిలీ ఐవరీ అనే మంత్రగత్తె శాన్‌ఫ్రాన్సిస్కోలో పాతకాలపు బట్టల దుకాణం పెడుతుంది. అందరికీ పిల్లి తోడుంటే ఈవిడకు పంది తోడుంటుంది!

ఈ నవలల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మంత్రం హంతకుడి పేరు చెప్పదు. మొదటి పేజీలోనే చెప్పేస్తే నవల ఎక్కడిది? మంత్రం మహా అయితే ఒక హెచ్చరిక ఇస్తుంది, ఒక కల చూపిస్తుంది. మిగతాదంతా నలుగురినీ అడగడం, కళ్ళు తెరుచుకుని చూడడం, ఎవరి మాటకూ ఎవరి మాటకూ పొంతన లేదో గమనించడం. పైగా చాలా కథల్లో మొట్టమొదట అనుమానం వచ్చేది ఆ మంత్రగత్తె మీదో, ఆమెవాళ్ళ మీదో. నలుగురిలా లేని మనిషి మీదికి నలుగురి వేళ్ళూ తొందరగా లేస్తాయి కదా!

మన పుస్తకాల్లో మంత్రగత్తె

మన ఇళ్ళలో డిటెక్టివ్ నవలలకు ఎప్పుడూ కొదవ లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు తెలియని ఇల్లుండేదా ఒకప్పుడు! కవిగా పేరుపడ్డ ఆరుద్ర గారు కూడా 'పలకల వెండి గ్లాసు' వంటి డిటెక్టివ్ నవలలు రాశారు. నేను పెళ్ళయి వేలూరు వచ్చాక ఈ పుస్తకాలకోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేకపోయింది. ఆంధ్ర నుంచి పెద్దాసుపత్రికి వైద్యానికి వచ్చే బంధువులు మా ఇంట్లోనో, లాడ్జీల్లోనో వారాల తరబడి ఉండేవారు. రిపోర్టులకోసం ఎదురుచూస్తూ చదువుకోవడానికి సంచిలో రెండు పాకెట్ నవలలు తెచ్చుకునేవారు. తిరిగి రైలెక్కేటప్పుడు అవి మా అలమరలో చేరేవి.

ఆ అలమరలో మంత్రగత్తె డిటెక్టివ్ మాత్రం ఒక్కతీ లేదు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన 'చందమామ'ను మేము ఇంట్లో తెలుగులో చదివి, బడిలో స్నేహితుల దగ్గర 'అంబులిమామ'గా తమిళంలో మళ్ళీ చదివేవాళ్ళం. రెండింట్లోనూ మంత్రగత్తె అంటే రాకుమారుణ్ణి చిలకగా మార్చేసే తరహా మనిషే. తరువాత యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వచ్చి, ఒక పసిపిల్ల మీద జరిగిన క్షుద్రప్రయోగం కథతో ఆంధ్రదేశాన్ని ఊపేసింది. దాన్ని తీవ్రంగా విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు ఏకంగా పుస్తకమే రాశారు. ఎటు చూసినా మన దగ్గర మంత్రం నేరం చేసేదే తప్ప నేరం కనిపెట్టేది కాదు.

మనకున్న దగ్గరి చుట్టం ఎవరంటే పేదరాశి పెద్దమ్మ. ఆవిడకు మంత్రాలు రావు. ఊరి చివర పూటకూళ్ళ ఇల్లు. దారిన పోయే రాజకుమారుడికి అన్నం పెట్టి, రాజుగారి కోటలో ఏం జరుగుతోందో చెప్పేది ఆవిడే. మిస్ మార్పుల్ ఇంగ్లీషు పేదరాశి పెద్దమ్మ అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అయితే కథల్లో లేకపోయినా, బతుకులో మంత్రంతో దొంగను పట్టే పద్ధతి మనకు ఉండేది. దాని పేరు అంజనం.

గుడియాత్తం అవ్వ

గుడియాత్తంలో మాది నేతగాళ్ళ వీధి. ఇంటింటా లుంగీ మగ్గాలు. సగం మాట తెలుగు, సగం తమిళం. వీధి చివర ఒక అవ్వ ఒంటరిగా ఉండేది, ఎప్పుడూ తెల్లచీరలో. చంటిపిల్లలకు దిష్టి తీసేది, కడుపునొప్పికి వాము కషాయం కాచి ఇచ్చేది, ఏవో పసర్లు నూరేది. పిల్లలకు ఒళ్ళు వెచ్చబడితే తల్లులు చీకటి పడ్డాక ఆవిడ గడప తొక్కేవాళ్ళు. తెల్లారాక అదే నోటితో "దానికి మంత్రాలొచ్చు, జాగ్రత్త" అని చెప్పుకునేవాళ్ళు.

నాకు ఏడేళ్ళప్పుడు గంగమ్మ శిరసు పండగకు ఇంటినిండా చుట్టాలు వచ్చారు. పండగ నాలుగు రోజులుందనగా మా పిన్నమ్మ రాళ్ళ కమ్మలు కనిపించలేదు. ఇల్లంతా వెతికారు. రాత్రి పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే పక్కలో పడుకుని విన్నాను. "పొద్దున ఆ ముసలామె వచ్చి పోయింది గదా" అన్నారెవరో.

మర్నాడు అంజనం వేసేవాణ్ణి పిలిపించారు. తెలియనివారికోసం చెబుతున్నాను: తమలపాకుకు నల్లని కాటుక వంటిది పూసి, దీపం ముందు పెట్టి, చిన్నపిల్లల చేత చూపిస్తారు. ఆ నలుపులో దొంగ కనిపిస్తాడని నమ్మకం. ఆ రోజు చూడడానికి కూర్చోబెట్టింది నన్నే.

నాకు దీపం వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. "తెల్లగా కనిపిస్తా ఉందా పాపా?" అన్నాడు. ఊఁ అన్నాను. "ఆడమనిషా?" ఊఁ. "ముసలామెనా?" ఊఁ. అంతే, పదిమంది లేచి అవ్వ ఇంటికి పోయారు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తనే మా ఇంటికి వచ్చి నట్టింట్లో కూర్చుని మా పిన్నమ్మను పిలిచింది.

"కమ్మలు యాడ పెడితివి?"

"తలకు పోసుకునేటప్పుడు తీసి గూట్లో పెట్టినా అవ్వా."

"వట్టివే పెడితివా, గుడ్డలో చుడితివా?"

"గుడ్డలోనే."

"ఏం గుడ్డ?"

పిన్నమ్మ కాసేపు ఆలోచించింది. తలకు నూనె పెట్టుకున్నాక చేతులు తుడుచుకున్న పాతగుడ్డ అంది. అవ్వ లేచి గూటి కిందంతా చూసింది. మూలన ఉన్న నూలు కట్టలు పక్కకు జరిపించింది. గోడ వారన ఎలుక బొక్క.

"ఎలక్కి బంగారం దేనికి? నూనె గుడ్డ కావల్ల. తవ్వి చూడండి" అంది.

మా నాయన గడ్డపార తెచ్చి తవ్వితే మూరెడు లోతున కొరికిన గుడ్డ పీలికలు, వాటి నడుమ రెండు కమ్మలు.

అప్పుడు అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. "నేను కనిపిస్తినా పాపా నీకు?" తల వంచుకున్నాను. "రాత్రి పెద్దోళ్ళు మాట్లాడింది వింటివా?" ఊఁ అన్నాను. "అదే కనిపించింటాది లే" అని లేచి వెళ్ళిపోయింది.

ఎవరూ నోరు తెరిచి తప్పయిందని అనలేదు. వీధిలో ఏమనుకున్నారో చెబితే నవ్వుతారు: "చూసినారా, మంత్రం లేకుంటే ఎట్లా కనిపెడుతుంది?"

నాలుగోనాడు పండగ జరిగింది. ఏటా మే నెల నడిమిన వచ్చే ఆ పండగలో గోపాలపురం గుడికి అమ్మవారి శిరసును ఊరేగించి తీసుకొచ్చి మొండేనికి అమరుస్తారు. రేణుకాదేవి కథ అది. భర్త ఆజ్ఞ మీద కొడుకు చేతిలో తల పోగొట్టుకున్న తల్లి. మనసు చలించిందన్న నేరానికి శిక్ష. సంజాయిషీ అడిగినవాళ్ళు లేరు. ఆ తల్లికి ఊరంతా మొక్కుతుంటే నేను జనంలో అవ్వకోసం వెతికాను. కనిపించలేదు.

కనిపించిందా, కనిపెట్టారా?

పెద్దయ్యాక చదివితే తెలిసింది, మా ఇంటి అంజనం వంటిది అమెరికాలోనే జరిగిందని. 1692లో సేలం ఊళ్ళో కొందరు ఆడపిల్లలు ఫలానావాళ్ళ ఆకారం వచ్చి తమను పీడిస్తున్నదని చెబితే, ఆ మాటనే కోర్టు సాక్ష్యంగా తీసుకుంది. 19 మందిని ఉరి తీశారు. ఆ ఏడాది చివరికి గానీ అటువంటి సాక్ష్యం పనికిరాదని తెలిసిరాలేదు. ఆ దేశంలోనే ఈనాడు మంత్రగత్తెను న్యాయం వైపు నిలబెట్టి ఇన్ని నవలలు రాస్తున్నారంటే, పాత బాకీ తీర్చుకుంటున్నారేమో అనిపిస్తుంది.

అగాథా క్రిస్టీ 1961లో రాసిన 'ది పేల్ హార్స్' నవల కూడా చెప్పుకోదగ్గది. గుట్టు బయటపెడుతున్నందుకు చదవబోయేవారు క్షమించాలి. ఒక పాత సత్రంలో ముగ్గురు ఆడవాళ్ళుంటారు. వాళ్ళు చేతబడితో దూరాన ఉన్న మనుషుల్ని చంపుతున్నారని అందరి నమ్మకం. అసలు చంపుతున్నది థాలియం అనే విషం. దాని గుర్తు జుట్టు రాలిపోవడం. 1977లో ఖతార్ నుంచి ఒక పసిపాపను లండన్ ఆసుపత్రికి తెచ్చారు. డాక్టర్లకు జబ్బు అంతుపట్టలేదు. ఆ రోజుల్లో ఈ నవల చదువుతున్న ఒక నర్సు, పాప జుట్టు రాలడం గమనించి థాలియం ఏమో చూడమంది. పరీక్ష చేస్తే అదే నిజమైంది. పాప బతికింది. ఆసుపత్రి ఊళ్ళో కాపురం ఉంటున్న నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

ఇదంతా కాలక్షేపం కబురు కాదు. మంత్రగత్తె అన్న ముద్ర మీద ఆడవాళ్ళను హింసించడాన్ని నేరం చేస్తూ బీహారు 1999లో చట్టం తెచ్చింది. తరువాత జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో తెచ్చాయి. 1995లో ఆ ముద్ర వేసి ఊరివాళ్ళు కొట్టి హింసిస్తే ప్రాణాలతో బయటపడిన జార్ఖండ్ స్త్రీ చుట్నీ మహతో, తనలాంటి ఎందరినో కాపాడి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. తెలుగునాట కూడా చేతబడి అనుమానంతో వృద్ధులను కొట్టారన్న, చంపారన్న వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. మా గుడియాత్తంలో ఆ రోజు కమ్మలు దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ భయమే.

అందుకే మీ ఇంట్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఈ నవలలు పట్టుకుంటే కోప్పడకండి. అపాండవం కనిపించినంత మాత్రాన నేరస్థులు కారని, అడిగి, చూసి, తవ్వి తేల్చుకోవాలని అవి సరదాగా నేర్పుతాయి. మనవాళ్ళెవరైనా తెలుగులో ఇటువంటిది రాస్తే మరీ సంతోషం. లుంగీ మగ్గాలు, అగ్గిపెట్టెల పరిశ్రమ, రెండు భాషలు, శిరసు పండగ ఉన్న గుడియాత్తం కంటే మంచి ఊరు ఆ కథకు దొరకదు.

కథానాయికకు మా వీధి అవ్వ పేరే పెట్టమని అడగాలని ఉంది. కానీ ఆవిడ పేరు నాకు తెలియదు. ఎదురుగా అవ్వా అనేవాళ్ళం. చాటున ఆ రెండో మాట అనేవాళ్ళం. పేరేమిటని ఒక్కరూ అడగలేదు.