నుజ్జయ్యే కారే నయం

"పాత అంబాసిడర్ అంటే బండండీ! గుద్దినా సొట్ట పడేది కాదు. ఇప్పటివన్నీ రేకు డబ్బాలు." ఈ మాట వినపడని మెకానిక్ షెడ్డు మన దగ్గర ఉండదు. చిన్న దెబ్బలకు సొట్ట పడేది కాదన్నది చాలావరకు నిజమే. కాకపోతే గట్టిగా గుద్దినప్పుడు బండి తీసుకోవాల్సిన దెబ్బను లోపల కూర్చున్న మనిషి తీసుకునేవాడు.

నమ్మకం కుదరకపోతే యూట్యూబ్‌లో ఒక వీడియో ఉంది, చూడండి. అమెరికాలో బీమా కంపెనీల సొమ్ముతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఒకటుంది. దానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2009లో రెండు షెవ్రొలే కార్లను ఎదురెదురుగా గుద్దించింది. ఒకటి 1959 నాటి బెల్ ఎయిర్, రెండోది 2009 మాలిబు. రెండూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతోనే వచ్చాయి. పాతది చూడ్డానికి ఏనుగులా ఉంటుంది. తీరా గుద్దుకున్నాక దాని అద్దం ఊడిపోయింది, ముందు స్తంభం వంగిపోయింది, డ్రైవరు కూర్చునే చోటే కుప్పకూలింది. అక్కడ పరీక్ష కోసం కూర్చోబెట్టిన బొమ్మ బదులు మనిషి ఉంటే బతికేవాడు కాదని తేల్చారు. మాలిబు డ్రైవరైతే కాలికి చిన్న దెబ్బతో బయటపడేవాడట.

కారు ముందు భాగం మెత్తగా మడతపడాలి, మనుషులుండే గది మాత్రం గట్టిగా నిలబడాలి. ఇది మెర్సిడెస్ ఇంజినీరు బేలా బరేనీ ఆలోచన. 1951లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1959లో ఆ పద్ధతి ప్రకారం కారు రోడ్డెక్కింది. అంటే అమెరికాలో ఆ బెల్ ఎయిర్ తయారవుతున్న ఏడాదే!

ఇందులో కిటుకంతా ఎంత దూరంలో ఆగామన్న దాంట్లోనే ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దిన కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు లోపలికి మడతపడిందనుకుందాం. అప్పుడు 70 కిలోల మనిషి మీద పడే బలం సగటున పదకొండు క్వింటాళ్ల బరువుకు సమానం. కారు మడతపడకుండా 10 సెంటీమీటర్లలోనే ఆగిపోతే అదే మనిషి మీద దాదాపు ఏడు టన్నులు పడుతుంది. వేగం అదే, మనిషీ అదే, తేడా అంతా అరమీటరు రేకులో ఉంది.

ఇదే లెక్కన ఒళ్లో కూర్చున్న పదికిలోల పాప ఆ క్షణాన క్వింటాలున్నర పైన తూగుతుంది. "గట్టిగానే పట్టుకున్నా కదండీ" అనే తల్లులూ తండ్రులూ ఈ అంకె ఒకసారి చూసుకోవాలి. అంత బరువు ఆపగల చేతులు ఎవరికీ లేవు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడమూ 14 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడడమూ ఒకటే. నాలుగంతస్తుల మేడ కంటే కాస్త ఎక్కువే. వేగం రెట్టింపై 120కి చేరితే ఎత్తు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. 57 మీటర్లు! ఔటర్ రింగ్ రోడ్డు మీద సరదాగా స్పీడోమీటరు ముల్లును పైకి తోసేవాళ్లు తాము ఎన్నో అంతస్తులో ఉన్నారో లెక్కేసుకోవచ్చు.

ఇక బెల్టు సంగతి. మూడు చోట్ల పట్టి ఉంచే ఇప్పటి సీటు బెల్టును 1959లో వోల్వోకు చేసిపెట్టినవాడు నీల్స్ బోలిన్. అంతకుముందు ఆయన పని యుద్ధ విమానాల్లో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఏర్పాట్లు చూడడం. విసరడం తెలిసినవాడే పట్టి ఉంచడమూ కనిపెట్టాడన్నమాట. వోల్వో ఆ పేటెంటును తన దగ్గరే దాచుకోకుండా మిగతా కంపెనీలనూ వాడుకోనిచ్చింది. కార్ల చరిత్రలో ఇంతకంటే పెద్ద దానం ఇంకొకటి ఉందనుకోను.

బెల్టు లేని మనిషికి ముందు భాగం మడత ఏమాత్రం అక్కరకు రాదు. కారు ఆగుతుంది, మనిషి మాత్రం పాత వేగంతోనే పోతుంటాడు. డాష్‌బోర్డో ముందు సీటో తగిలాకే ఆగుతాడు. "కారు విసిరేసింది" అంటాం గానీ ఎవరూ ఎవరినీ విసరరు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీతో పాటు వెనక సీటులో ఉన్న మరొకరూ చనిపోయారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనక బెల్టు పెట్టుకోనివాడు తనకే కాదు, తన ముందు కూర్చున్నవాడికీ ప్రమాదమే. ఆ బరువంతా వచ్చి పడేది వాడి వీపు మీదే మరి.

అలారం మోగకుండా బకిల్‌లో దోపే ఉత్తుత్తి క్లిప్పులు కూడా మన దేశంలో అమ్ముడయ్యాయి. 2023లో కేంద్రం కలగజేసుకుని ఆన్‌లైన్ దుకాణాల నుంచి వాటిని తీయించింది. డబ్బిచ్చి మరీ ప్రమాదం కొనుక్కోవడమంటే ఇదే.

మనిషి శరీరం ఎంతవరకు ఓర్చుకోగలదు? ఇది తెలుసుకోవడానికి అమెరికా వాయుసేన డాక్టరు జాన్ పాల్ స్టాప్ తన ఒంటినే ఒప్పజెప్పాడు. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికో ఎడారిలో రాకెట్లు కట్టిన బండి ఎక్కి గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. 1.4 సెకన్లలో ఆగిపోయాడు. తన బరువుకు 46 రెట్ల ఒత్తిడి మీద పడింది. కళ్లల్లో నెత్తురు చిమ్మి కాసేపు చూపు పోయింది, తర్వాత వచ్చింది. ఆయన 89 ఏళ్లు బతికాడు. గట్టి బెల్టులు, సరైన సీటు ఉంటే మనిషి ఇంత తట్టుకోగలడని తేలింది. స్వీడన్ రేసర్ కెన్నీ బ్రాక్ 2003లో టెక్సస్ రేసులో 214 రెట్ల దెబ్బ తిని కూడా బతికి, మళ్లీ రేసు నడిపాడు.

ఎయిర్‌బ్యాగ్ నిండడానికి సెకనులో ముప్పయ్యో వంతు చాలు. మొత్తం గుద్దుడే సెకనులో పదో వంతులో అయిపోతుంది. బ్రేకు మీదికి కాలు కదిపే టైము కూడా ఉండదు. అంత విసురుగా వచ్చే సంచికి బెల్టు లేని మొహం ఎదురెళ్తే సంచే దెబ్బ కొడుతుంది.

రెండు ఒకేలాంటి కార్లు చెరో 50తో ఎదురెదురుగా గుద్దుకుంటే 100తో గోడను గుద్దినట్టని చాలామంది అనుకుంటారు. కాదు, ఒక్కొక్క కారుకూ 50తో గోడను గుద్దినట్టే. కానీ ఎదురుగా వచ్చేది లారీ అయితే కథ మారిపోతుంది. పది టన్నుల లారీ, ఒక టన్ను కారు చెరో 50తో గుద్దుకుని అతుక్కుపోతే లారీ వేగం 9 తగ్గుతుందంతే. కారు మాత్రం 41తో వెనక్కి పోతుంది, అంటే దాని వేగంలో తేడా 91. రెండింటి మీదా పడిన బలం సమానమే. న్యూటన్ అన్నది తప్పు కాదు, కానీ తేలికైనవాడికి న్యాయం దొరకదు.

"ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు". మన జిల్లా పేజీల్లో ఈ శీర్షిక కనపడని వారం అరుదు. వీటిలో చావులెక్కువ కావడానికి కారణం ఎత్తు. లారీ తొట్టి కారు బానెట్ కంటే పైన ఉంటుంది. బానెట్ కిందకి దూరిపోతుంది, మడతపడాల్సింది మడతపడదు, తొట్టి అంచు నేరుగా అద్దానికి తగులుతుంది. 1967లో హాలీవుడ్ నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ న్యూ ఆర్లీన్స్ దగ్గర ఇలాగే చనిపోయింది. లారీల వెనక కిందగా ఉండే అడ్డకడ్డీని అమెరికాలో ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. మన దగ్గరా ఆ కడ్డీ ఉండాలన్నది నిబంధనే. హైవే మీద ముందు పోయే లారీకి అది ఎలా ఉందో ఒకసారి గమనించండి.

కారు ముందు షోకుగా బిగించే ఇనుప క్రాష్ గార్డును 2017 డిసెంబరులో కేంద్రం నిషేధించింది. అది దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరవేసి ముందు భాగాన్ని సరిగ్గా మడతపడనివ్వదు, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లను కూడా తికమక పెట్టగలదు. పాదచారికి ఎలాగూ గండమే.

బైకుకు మడతపడే బానెట్ లేదు. ఆ పని హెల్మెట్ లోపలి థర్మోకోల్ చేస్తుంది. పైచిప్ప గట్టిదనం చూసి కొంటాం గానీ తలను కాపాడేది నలిగిపోయే ఆ రెండు మూడు సెంటీమీటర్లే. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, కాబట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా పక్కన పడేయాల్సిందే. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ బైకు ప్రమాదంలో పోయాడు. అప్పుడు చూసిన డాక్టర్లలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ సైనికుల బైకు ప్రమాదాలను పరిశీలించి, 1941లో హెల్మెట్ ఎంత మేలు చేస్తుందో రాశాడు.

ఒకసారి నలిగింది మళ్లీ పనికిరాదన్నది కారుకూ వర్తిస్తుంది. నుజ్జయిన ముందు భాగాన్ని షెడ్డులో సుత్తితో సాగదీసి పెయింటు కొట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుంది గానీ రెండోసారి ముందులా మడతపడదు. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే రంగు, సీటు కవర్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు బెల్టును చివరిదాకా లాగి చూడండి. నేత సాగి ఉన్నా, అంచు పీచులేచినా, చీటీ మీది తేదీ కారు తయారైన ఏడాదితో సరిపోకపోయినా, ఎందుకలా ఉందో అమ్మేవాణ్ని గట్టిగా అడగండి.