కోడి పెట్టే తాండూరు రాయి

మీ పెరటికోడి ఎప్పుడైనా పెంకు లేని తోలుగుడ్డు పెట్టిందా? దిష్టి తగిలిందనుకోకండి. కారణం దాని మేతలో ఉంది.

ముందు ఒక ప్రయోగం చేయండి. తాండూరు నాపరాయిని గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్కలు వేయండి. బుడగలు వస్తాయి. గుడ్డుపెంకు పొడి మీద వేసినా అంతే! రెండింటిలోనూ కాల్షియం కార్బొనేట్ ఉంది. ఆమ్లం తగిలితే దాని నుంచి కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. వికారాబాద్, తాండూరు పల్లెల్లో కోళ్ళకు జొన్నలు, మిగిలిన జొన్నరొట్టె ముక్కలు వేస్తారు. ఒక పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల జొన్నల్లో ఉండేది సుమారు 25 మిల్లీగ్రాములే. అంటే ఒక్క పెంకుకు 8 కిలోల జొన్నలు! కోడి రోజుకు తినేది 100 గ్రాముల చుట్టుపక్కలే.

ఆరుబయట తిరిగే కోడి నత్తలు, సున్నపు గులకలు ఏరుకు తిని ఈ లోటు తీర్చుకుంటుంది. గంప కిందే మూసి ఉంచితే తన ఎముకల్లోని కాల్షియాన్ని పెంకుకు ఇచ్చేస్తుంది. అదీ తరిగితే తోలుగుడ్లు పెడుతుంది. కాళ్ళు పట్టు తప్పుతాయి.

కాబట్టి గుడ్డుపెంకులు పారవేయకండి. పది నిమిషాలు నీళ్ళలో మరగబెట్టి, ఎండబెట్టి, ఆకారం తెలియకుండా నలిపి, మేత పక్కన చిప్పలో ఉంచండి. ఎంత కావాలో కోడే తింటుంది.