జి.పి.ఎస్. మిషను చెప్పిందంతా నిజమేనా?

 

2020లో కరోనాకి బడులు మూసేశారు కదా. అప్పుడు నేను నాలుగో తరగతి, ఇంటి దగ్గరే ఉన్నాను. పోడు భూములు కొలవడానికి మా ఊరికి సార్లు వచ్చారు. వాళ్ళ దగ్గర గొలుసు లేదు, టేపు లేదు. పెద్ద సెల్లు లాంటి మిషను ఒకటే ఉంది. అది పట్టుకుని మా కొండ చేను చుట్టూ నడిచారు. నేను నీళ్ళ చెంబుతో వాళ్ళ వెనకాలే తిరిగాను.

తర్వాత పట్టా వచ్చింది. అందులో ఎకరా ఎనభై సెంట్లు అని ఉంది. మా అయ్య తాడుతో కొలిస్తే దాదాపు రెండున్నర ఎకరాలు వస్తుంది. "ఆకాశం నుంచి చూసే మిషనంట. అది తప్పు చెబుతుందా? నా లెక్కే తప్పేమో" అన్నాడు అయ్య. ఆయనకి చదువు రాదు. నాకు మాత్రం ఆ అనుమానం పోలేదు.

ఈ ఏడు మా సైన్స్ మేడమ్ కొండలెక్కేవాళ్ళు వాడే జి.పి.ఎస్. మిషను ఒకటి తెచ్చి చూపించారు. మేడమ్ చెప్పింది, మేము చేసి చూసింది రాస్తున్నాను.

మిషను ఎలా పనిచేస్తుంది?

ఈ పద్ధతిని అమెరికా సైన్యం తయారు చేసింది. 1995 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కనీసం 24 ఉండాలి. ఒక్కొక్కటి "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని రేడియో సిగ్నలు పంపుతుంది. సిగ్నలు వచ్చేసరికి ఎంత సేపు పట్టిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరమో మిషను లెక్క కడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. అంటే అది మన చేనుని చూడనే చూడదు.

సిగ్నలు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అందుకే టైములో సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. 2000 సంవత్సరం మే నెల వరకు అమెరికా వాళ్ళే కావాలని సిగ్నల్లో తప్పు కలిపేవారు. అప్పుడు 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ తప్పు కలపడం మానేశాక, ఆకాశం బాగా కనిపించే చోట చేతి మిషనుకి 3 నుంచి 5 మీటర్ల తేడా మామూలు. దట్టమైన చెట్ల కింద, లోయలో, కొండ వాలు పక్కన 10 మీటర్లు దాటవచ్చు. సిగ్నలు కొండకో గోడకో తగిలి తిరిగొస్తే దూరం ఎక్కువని మిషను మోసపోతుంది.

మేము చేసి చూసింది

జెండా కర్ర దగ్గర నిలబడితే మిషను "3 మీటర్ల తేడా" అని చూపించింది. చింతచెట్టు కిందకి వెళ్తే 9 అంది. ఆ అంకె కూడా మిషను అంచనాయే, అసలు తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు అని మేడమ్ చెప్పారు. తర్వాత వాలీబాల్ కోర్టు చుట్టూ నడిచాం. దాని పొడవు 18, వెడల్పు 9, మొత్తం 162 చదరపు మీటర్లు. మిషను ఒకసారి 190 అంది, ఇంకోసారి 131 అంది. అందరం నవ్వేశాం. నాకు మాత్రం మా చేను గుర్తొచ్చింది. చోటు ఎంత చిన్నదైతే తప్పు వంతు అంత పెద్దది. పెద్ద రైతుకి నాలుగు మీటర్లు లెక్కలోకి రాదు, మనకి వస్తుంది.

మా చేను లెక్క

దసరా సెలవుల్లో నేను, అయ్య మళ్ళీ తాడు వేశాం. వాలు వెంబడి 100 మీటర్లు, అడ్డంగా 100 మీటర్లు. అంటే 2 ఎకరాల 47 సెంట్లు. కోణమానినికి దారంతో రాయి కట్టి చూస్తే వాలు 30 డిగ్రీలు ఉంది. కొలత పెట్టి బొమ్మ గీస్తే, వాలు మీద 100 మీటర్లు కింద చదునుగా 87 మీటర్లే అయింది. గోడకి ఆనించిన నిచ్చెన కంటే నేల మీద దాని నీడ పొట్టిగా ఉండదూ, అలాగ. పట్టాలో రాసేది ఈ చదును కొలతే. కాబట్టి 2 ఎకరాల 15 సెంట్లు రావాలి. ఇంతవరకు మిషను తప్పు లేదు, అయ్య తప్పూ లేదు.

మరి మిగతా 35 సెంట్లు ఏమయ్యాయి? అప్పుడు గుర్తొచ్చింది. కింద గెడ్డ పక్కన వెదురు పొదలు, ముళ్ళు ఉన్నాయని సార్లు గట్టు దాకా దిగలేదు. పైన కాలిదారి వెంటే తిరిగేశారు. కాలిదారికీ గట్టుకీ మధ్య తాడు చదునుగా పట్టి కొలిస్తే 14 మీటర్లు వచ్చింది. పొడవు 100 మీటర్లు. దాదాపు 35 సెంట్లు! మా అమ్మ పసుపు వేసేది ఆ ముక్కలోనే. మిషను నడిచిన దారినే కొలుస్తుంది, నడవని చోటు దానికి తెలీదు.

చట్టం ఏం చెబుతోంది?

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఉపగ్రహం ఫొటోలు, ఇలాంటి మిషన్లు మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనల్లో ఉందని సోషల్ మేడమ్ చెప్పారు. ఊరి పెద్దల వాంగ్మూలం, పాత గట్లు, గుడిసెలు కూడా సాక్ష్యాలే.

మీ ఊళ్ళో కొలిస్తే ఇవి గుర్తుపెట్టుకోండి:

1. మిషను ఆన్ చేశాక ఆకాశం కనిపించే చోట కొంతసేపు ఆగమనండి.
2. మూల మూలకీ నిలబడమనండి. చెట్టు కింద ఇంకా ఎక్కువసేపు ఆగాలి.
3. గట్టు మీదే నడవాలి. ముళ్ళుంటే మనమే ముందు కొట్టి ఉంచాలి.
4. రెండుసార్లు తిరగమనండి. రెండు లెక్కలూ కాగితం మీద రాసుకోండి.

అయ్య నా చేత గ్రామసభకి అర్జీ రాయించాడు, బొమ్మ కూడా గీశాను. ఇంకా జవాబు రాలేదు. మీ చేను కొలిచే రోజు మీరు ఇంటి దగ్గరుంటే, నాలాగ చెంబు పట్టుకుని వెనకాల తిరగొద్దు. ముందు నడిచి గట్టు చూపించండి.

తప్పులుంటే దిద్దగలరు.

– 9వ తరగతి విద్యార్థిని