వార్తల్లో పదం: ఎన్ఈఏ

నాన్ ఎగ్జామ్ అసెస్‌మెంట్‌కు పొట్టిపేరు ఎన్ఈఏ. పరీక్ష హాలు బయట రాసినా మార్కులు పడే పని. ఏఐ వాడకంపై చర్చతో ఇంగ్లండ్‌లో ఈ మాట తరచూ వినిపిస్తోంది.

అక్కడ సిక్స్త్ ఫామ్, అంటే మన ఇంటర్ వయసు పిల్లలు, ఏ-లెవెల్‌లో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకుంటే 20 శాతం మార్కులు దీనివే. ఏక్యూఏ బోర్డు ‘ఏ’ సిలబస్‌లో రెండు పుస్తకాలను పోలుస్తూ దాదాపు 2,500 పదాల వ్యాసం రాయాలి. అందులో ఒకటి 1900కు ముందుది కావాలి. 1897 నాటి ‘డ్రాకులా’ పక్కన ఆధునిక నవల పెట్టినట్టు.

మార్కులు వేసేది టీచర్లే. బోర్డు కొన్ని వ్యాసాలు తెప్పించుకుని సరిచూస్తుంది. ఇది సొంత రచనేనని విద్యార్థి సంతకం చేయాలి. చెప్పకుండా ఏఐ రాతను తనదిగా చూపితే మాల్‌ప్రాక్టీసే.

యూనివర్సిటీ సీటుకు ఏ-లెవెల్ గ్రేడ్లే కీలకం. బ్రిటన్‌లోని తెలుగు తల్లిదండ్రులు ఈ నిబంధనలు ముందే తెలుసుకోవడం మేలు.