పాత కారు జన్మపత్రిక
అమెరికాలో 'మజిల్ కార్లు' అని ప్రసిద్ధికెక్కిన శక్తిమంతమైన కార్లలో 1969 నాటి షెవ్రొలే కమారో జడ్28 ఒకటి. ఆ ఏడు తయారైనవి 20,302. నేడు వాటి వెల అధికం గనుక, సాధారణమైన కమారోకే చారలు పూసి జడ్28 అని అమ్మజూపేవారూ కలరు. కారు నంబరు వారిని పట్టి ఇవ్వదు. '124379ఎన్' అన్న తొలి భాగంలో 1 షెవ్రొలేను, 24 ఎనిమిది సిలిండర్ల కమారోను, 37 రెండు తలుపుల కూపేను, 9 సంవత్సరాన్ని, ఎన్ ఒహాయోలోని నార్‌వుడ్ కర్మాగారాన్ని తెలుపుతాయి. ఇంజను ఏ రకమో తెలియదు.

దానిని తెలిపేది కర్మాగారపు కాగితం. ఏ కారుకు ఏ ఇంజను, ఏ గేరుబాక్సు బిగించాలో కార్మికులకు సంకేతాలలో చెప్పే ఉత్తరువు అది. కొనేవారికై వ్రాసినది కాదు. అందుకే మా దృష్టిలో దాని సాక్ష్యం గట్టిది. పని తీరిన పిదప వెనుక సీటు స్ప్రింగులలోనో, పెట్రోలు ట్యాంకుపైనో ఉండిపోయింది. ఎలుకలు వదిలితే మన అదృష్టం! 'జడ్28' కూడా మొదట ఇటువంటి ఆర్డరు సంకేతమే. పిమ్మట కారు పేరైంది.

అయితే ఒక కారు కాగితం మరొక కారులో పడిపోవడమూ కద్దు. కావున ముందుగా కాగితంపైని కారు సంఖ్యను అసలు నంబరుతో సరిచూచి, ఆ తరువాతనే సంకేతాలు చదవాలి.