డీజేలు రికార్డులు ఎలా సర్దుకుంటారు? మన మైక్‌సెట్ పెట్టెలో దాగిన లెక్క

ఈ రోజు టాపిక్ రికార్డులు. క్రికెట్ రికార్డులు కాదండీ, నల్లగా, గుండ్రంగా, మధ్యలో కన్నం ఉండే పాటల రికార్డులు. డీజేలు వాటిని ఎలా సర్దుకుంటారు, ఎందుకలా సర్దుకుంటారు అన్నది చూద్దాం.

"ఫోన్‌లో అన్ని పాటలూ ఉన్నాయి కదా, మాకెందుకిది?" అనుకుంటున్నారా? అనకాపల్లి, చోడవరం, యలమంచిలి వైపు ఎవరింట్లోనైనా అటక మీద ఒక పాత పెట్టె ఉండొచ్చు. తాతగారిదో, మైక్‌సెట్ నడిపిన బాబాయిదో. ఇల్లు కడుతున్నప్పుడు ఆ పెట్టె కిందకి దిగుతుంది. పాత సామాన్లు కొనేవాడికి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళేముందు ఆ పెట్టెలో ఏముందో చదవడం మీకు రావాలి. అందుకే ఈ ఎపిసోడ్.

అసలు సమస్య ఏంటి?

ఫోన్‌లో పాట కావాలంటే నాలుగు అక్షరాలు కొడతాం, వచ్చేస్తుంది. రికార్డుల పెట్టెకి సెర్చ్ బాక్స్ లేదు. ఒక పాట మోగుతోంది, ఇంకో మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆ లోపు తరవాతి రికార్డు పెట్టెలోంచి తియ్యాలి, అట్టలోంచి బయటికి లాగాలి, దుమ్ము తుడవాలి, కావాల్సిన పాట మొదలయ్యే గాడి మీద ముల్లు పెట్టాలి. చుట్టూ చీకటి, జనం, గోల. వెతుక్కునే టైమ్ ఎక్కడిది? కాబట్టి పెట్టె సర్దిన వరసే సెర్చ్ బాక్స్ పని చెయ్యాలి. మీరు ఈ రోజు వినేదంతా ఈ ఒక్క అవసరంలోంచి పుట్టిందే.

మన దగ్గర డీజే అంటే ఇప్పుడు బండి మీద బాక్సులు, లైట్లు, గుండె అదిరే బేస్. కానీ రికార్డులతో జనానికి పాటలు వేసేవాడే డీజే అనుకుంటే, మన ఊళ్ళలో ఆ పని ఎప్పటినుంచో చేసింది మైక్‌సెట్ వాళ్ళు. ఒక యాంప్లిఫయర్, ఒక రికార్డ్ ప్లేయర్, చెట్టుకి కట్టిన రెండు హారన్లు, ఒక ట్రంకు పెట్టె నిండా రికార్డులు. పెళ్ళికి వాళ్ళే, రామనవమి పందిరికి వాళ్ళే, కొత్త అమావాస్యకి మొదలయ్యే అనకాపల్లి నూకాంబిక జాతరలాంటి సందడికీ వాళ్ళే. రికార్డు పాటలకి స్టేజీ మీద ఆడే డాన్సుని రికార్డింగ్ డాన్స్ అనేవారు. రికార్డులు పోయాయి, క్యాసెట్లు పోయాయి, పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. ఆ పేరు మాత్రం ఇంకా అలాగే ఉంది.

మొదటి మెట్టు: సైజు, స్పీడు

రికార్డులన్నీ ఒకటి కావు. మూడు రకాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, 78. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. మామూలుగా పది అంగుళాలు, ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలు, అంటే ఒక్క పాట. ఇవి ప్లాస్టిక్ కాదు. లక్క నుంచి తీసిన షెల్లాక్ కలిపి చేసినవి. చేయి జారితే పెంకులా పగిలిపోతాయి.

రెండు, ఎల్పీ. పన్నెండు అంగుళాలు, 33⅓ స్పీడు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో తెచ్చింది. ఇది వినైల్ ప్లాస్టిక్.

మూడు, ఏడు అంగుళాల చిన్న రికార్డు, 45 స్పీడు. ఇది 1949లో వచ్చింది. మన సినిమా పాటలకి ఈపీ అని ఎక్కువగా వచ్చింది ఈ సైజే. వైపుకి రెండేసి చొప్పున నాలుగు పాటలు.

ఎవరు సర్దినా ముందు ఈ మూడింటినీ వేరు చేస్తారు. చిన్న రికార్డు పెద్దవాటి మధ్య దూరితే కనపడదు, పెద్దవి ఒరిగిపోతాయి. ఇంకో కారణం స్పీడు. 33⅓లో వెయ్యాల్సింది 45లో వేస్తే పాట 35 శాతం వేగంగా పరిగెడుతుంది. ఘంటసాల గారి గొంతు చిన్నపిల్లాడి గొంతైపోతుంది. పందిట్లో నవ్వులే నవ్వులు.

రెండో మెట్టు: సందర్భం

ఇప్పుడు అసలు విషయం. పుస్తకాలైతే పేరు వరసలో పెట్టుకోవచ్చు. డీజే అలా పెడితే పని జరగదు. ఎందుకంటే జనం అడిగేది పేరు కాదు, సందర్భం. "పెళ్ళికూతురు వస్తోంది, ఏదో ఒకటి వెయ్యండి" అంటారు. "భోజనాలు అవుతున్నాయి, మెల్లగా ఉండేది వెయ్యండి" అంటారు.

మైక్‌సెట్ రోజు ఎలా నడిచేదో చూడండి. పొద్దున్నే భక్తి పాటలు. ముహూర్తం దగ్గర పెళ్ళి పాటలు. మధ్యాహ్నం మెలోడీలు. సాయంత్రం హుషారు పాటలు. రాత్రి ఎవరో ఒకరు నాటకం పద్యాలో, సినిమా డైలాగులో అడుగుతారు. 'దాన వీర శూర కర్ణ' 1977లో వచ్చాక ఆ డైలాగుల రికార్డు ఎన్ని హారన్లలో మోగిందో మీ పెద్దవాళ్ళని అడగండి. అంటే రోజుకే ఒక ఆర్డర్ ఉంది. పెట్టె కూడా ఆ ఆర్డర్‌లో ఉంటే చెయ్యి దానంతట అదే సరైన చోటికి వెళ్తుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో దిమ్మల్ని రంగు చూసి వేరు చేసినట్టే ఇదీ. కొనేవాడికి ఏం కావాలో దాన్నిబట్టి వరస.

టూరింగ్ టాకీసుల్లో ఇది ఇంకా ముదిరింది. ఘంటసాల గారి 'నమో వెంకటేశా' మోగిందంటే ఆట మొదలవబోతోందని అర్థం. సోడా తాగేవాడు గ్లాసు కింద పెట్టి లోపలికి పరిగెత్తేవాడు. అలాంటి రికార్డుకి పెట్టెలో వరస ఎందుకు? అది ఎప్పుడూ చేతికి అందే చోటే ఉండాలి. ఈ కాలం డీజేలు కూడా అంతే, తప్పనిసరిగా వాడే రికార్డుల్ని పెట్టె ముందు భాగంలో పెట్టుకుంటారు.

మూడో మెట్టు: నంబరు, నోట్‌బుక్

ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే ఎల్పీలో ఒక భక్తి పాట, ఒక డ్యూయెట్, ఒక విషాద గీతం ఉంటాయి. దాన్ని ఏ గడిలో పెడతారు? రికార్డుని మూడు ముక్కలు చెయ్యలేం కదా.

దీనికి ఒకటే దారి. రికార్డు ఉండేది ఒక చోట, దాని గురించిన సమాచారం ఉండేది ఇంకో చోట. అట్ట మూల మీద ఒక నంబరు వెయ్యండి, 1, 2, 3 అని. ఒక నోట్‌బుక్ తీసుకోండి. "పెళ్ళి పాటలు" అని ఒక పేజీ. కింద "47, రెండో వైపు, మూడో పాట" అని రాసుకోండి. అదే 47 "విషాదం" పేజీలో కూడా రావచ్చు, ఇబ్బంది లేదు. రికార్డు ఒక్క చోటే ఉంటుంది, పేరు పది చోట్ల ఉంటుంది. మీ ఫోన్‌లో ప్లేలిస్ట్ చేసేది కూడా కరెక్ట్‌గా ఇదే. ఒక పాటని నాలుగు ప్లేలిస్టుల్లో పెడితే పాట నాలుగు కాపీలు అవ్వదు కదా.

బీబీసీ రేడియోలో జాన్ పీల్ అని పెద్ద పేరున్న డీజే ఉండేవారు. 2004లో చనిపోయారు. ఆయన దగ్గర దాదాపు 26,000 ఎల్పీలు ఉండేవి. వాటికి ఆయన స్వయంగా టైపు చేసుకున్న ఇండెక్సు కార్డులు ఉన్నాయి. అన్ని వేల రికార్డుల మధ్య ఆయన దారి తప్పకుండా తిరిగింది ఆ కార్డులు పట్టుకునే.

నాలుగో మెట్టు: తాళం లెక్క

న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే చోట 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే కుర్రాడు ఒక పార్టీలో పాటలు వేశాడు. హిప్‌హాప్ పుట్టింది అక్కడే అంటారు. ఆయన రికార్డుల్ని నీళ్ళలో నానబెట్టి మధ్యలో ఉండే లేబుల్ ఊడదీసేసేవాడు. ఎందుకు? పక్క డీజేలు తొంగిచూసి అది ఏ రికార్డో కనిపెట్టకుండా. లేబుల్ లేకపోయినా ఆయనకి తెలుసు, పెట్టె ఆయనది కాబట్టి. అదే ఊళ్ళో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే ఇంకో డీజే రికార్డు మీద గుర్తులు గీసుకునేవాడు. గడియారం ముల్లు చూసినట్టు, ఆ గుర్తు ఎక్కడికి వస్తే దరువు మళ్ళీ మొదలవుతుందో చూపుతోనే తెలిసేలాగ.

ఇలా రెండు పాటల్ని తెగకుండా కలపాలంటే రెండింటి వేగం కలవాలి. దాన్నే బీపీఎం అంటారు, నిమిషానికి ఎన్ని దరువులు అని. లెక్కపెట్టడం చాలా ఈజీ. 15 సెకన్లలో ఎన్ని దరువులు పడ్డాయో చూసి నాలుగుతో గుణించండి. 30 పడితే 120. ఆ నంబరుని చిన్న స్టిక్కర్ మీద రాసి అట్టకి అంటిస్తారు. ఒకే రకం పాటల్లో తక్కువ బీపీఎం నుంచి ఎక్కువ బీపీఎంకి వరసగా పెడతారు. అప్పుడు మోగుతున్న పాటకి సరిపోయేది దాని పక్కనే దొరుకుతుంది.

ఎందుకంత పక్కపక్కనే ఉండాలి? డీజేలు ఎక్కువగా వాడిన టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 అనే ప్లేయర్ 1972లో వచ్చింది. 1979లో వచ్చిన మోడల్‌కి వేగం మార్చే స్లైడర్ ఉంది, ఎనిమిది శాతం పైకి, ఎనిమిది శాతం కిందకి. 120 పాటని 128 చెయ్యాలంటే ఏడు శాతం లోపే పెంచితే చాలు. కానీ 120ని 135 చెయ్యాలంటే 12 శాతం దాటాలి, ఆ మెషీన్‌లో అవ్వదు. పైగా ఆరు శాతం పెంచితేనే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు పైకి వెళ్ళిపోతుంది. గొంతు తేడాగా వినిపిస్తుంది.

మన పాత సినిమా పాటలకి ఇది పూర్తిగా పనికిరాదు, ఎందుకో చెప్తాను. అప్పట్లో ఆర్కెస్ట్రా మొత్తం ఒకచోట కూర్చుని వాయించేవారు. వేగం మెషీన్ పెట్టినట్టు ఒకేలా ఉండదు. కొంచెం సాగుతుంది, కొంచెం ఉరుకుతుంది. మొదట్లో తాళం లేకుండా ఆలాపన వస్తుంది. కాబట్టి మన రికార్డు అట్ట మీద బీపీఎం ఒక్కటే రాస్తే చాలదు. "ఆలాపన 20 సెకన్లు, తరవాత దరువు" అని కూడా రాసుకోవాలి.

ఇంట్లో బీరువా వేరు, పెట్టె వేరు

ఎల్పీ అట్టతో కలిపి పావు కిలో అనుకోండి. 80 ఎల్పీలు అంటే 20 కిలోలు. అంతకంటే ఎక్కువ ఒక్కడు మొయ్యడం కష్టం. అందుకే డీజేలకి రెండు వరసలు ఉంటాయి. ఇంట్లో అరల్లో మొత్తం కలెక్షన్, పేరు ప్రకారమో, రకం ప్రకారమో. ఆ రాత్రికి కావాల్సినవి మాత్రం పెట్టెలోకి, వేసే క్రమంలో. ఇంటికొచ్చాక ఎక్కడివి అక్కడ పెట్టాలి. ఈ చివరి పని బద్ధకించినవాడి కలెక్షన్ ఏడాదిలో కుప్ప అయిపోతుంది.

మన వాతావరణంలో రెండు జాగ్రత్తలు. రికార్డుల్ని నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు. కిందవి బరువుకి వంగుతాయి, 78లైతే పగులుతాయి. రెండోది వేడి, చెమ్మ. రేకుల షెడ్డులో ఎండాకాలం వినైల్ అప్పడంలా వంకర తిరుగుతుంది. వానాకాలం సముద్రం గాలికి అట్టలకి బూజు పడుతుంది. బయటి గోడకి ఆనించకుండా, నేలకి ఎత్తుగా పెట్టండి.

ఇప్పుడు ఆ అటక మీది పెట్టె

పెట్టె తెరవగానే అందరూ చేసేది ఒకటే. అన్నీ బయటికి తీసి, బాగున్నవి ఒకవైపు, గీతలు పడ్డవి ఒకవైపు పెట్టడం. దయచేసి ఆ పని చెయ్యకండి. రికార్డు పోతే అదే రికార్డు ఇంకోటి ఎక్కడో దొరకొచ్చు. ఘంటసాల గారి భగవద్గీత 1974లో వచ్చింది, ఎన్నో ఇళ్ళలో ఉంది. కానీ దాని పక్కన ఏ రికార్డు ఉంది, దాని మీద ఏ నంబరు ఉంది, అట్ట వెనక పెన్నుతో ఏం రాసి ఉంది, ఇవి ఇంకెక్కడా దొరకవు. ఒక ఊళ్ళో పెళ్ళిళ్ళు, జాతరలు ఏ పాటలతో నడిచాయో చెప్పే కాగితం అది. ఆ వరస చెదిరితే మిగిలేది ప్లాస్టిక్.

కాబట్టి ఫోన్ తియ్యండి. ముందు పెట్టె ఉన్నది ఉన్నట్టు పైనుంచి ఫొటో. తరవాత ఒక్కొక్కటీ తీసిన వరసలోనే అట్ట ముందు, వెనక, లేబుల్ రెండు వైపులా ఫొటో. పాట అయిపోయాక లేబుల్‌కి ముందు నున్నగా ఖాళీ చోటు ఉంటుంది చూడండి, అక్కడ చెక్కిన నంబరు కూడా. లేబుల్ చిరిగిపోయినా ఏ రికార్డో ఆ నంబరు చెప్తుంది. నోట్‌బుక్ దొరికితే ప్రతి పేజీ. మళ్ళీ అదే వరసలో పెట్టెయ్యండి.

ఇంకొక్కటి. ఆ పెట్టె సర్దిన మనిషి ఇంకా ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "ఇది ఇక్కడే ఎందుకు పెట్టారు?" ఏ పాట ఎప్పుడు వేస్తే జనం లేచేవారు, ఏది వేస్తే గొడవ అయ్యేది, ఏ ఇంటివాళ్ళు ఏది అడిగేవారు, అన్నీ ఆ జవాబులోనే వస్తాయి. పెట్టె ఇంకో పదేళ్ళు ఆగుతుందేమో గానీ, ఆ మనిషి జ్ఞాపకం ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, మొదటి పది రికార్డులు ఏ వరసలో ఉన్నాయో కామెంట్‌లో రాయండి.