కారుకి జ్వరం వస్తే

ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే ముందు మనమే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. ఆ తరువాతే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. వాకిట్లో కారు వేడెక్కితే మాత్రం “అది మగవాళ్ళ వ్యవహారం, మెకానిక్కు చూసుకుంటాడు” అని ఊరుకుంటాం. పిల్లల్ని బడికి దింపేదీ, అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేదీ మనమే అవుతున్న ఈ రోజుల్లో కారు జ్వరం సంగతి కూడా కాస్త తెలిసి ఉండాలి కదండీ! అందుకని ఈవేళ థర్మోస్టాట్ గురించి చెప్పుకుందాం.

పేరు పెద్దదే కాని వస్తువు చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. ఇది చేసే పని తెలియాలంటే దోసెల పెనాన్ని తలుచుకోండి. పెనం చల్లగా ఉంటే దోసె అంటుకుపోతుంది, మరీ కాలితే మాడిపోతుంది. ఇంజనూ అంతే. సుమారు 90 డిగ్రీల వేడిలో అది హాయిగా పనిచేస్తుంది. ఇంజను చుట్టూ తిరిగే కూలెంట్ ఆ వేడిని మోసుకెళ్ళి ముందున్న రేడియేటర్‌లో చల్లారి తిరిగి వస్తుంది. ఆ దారిలో ఉన్న చిన్న తలుపే థర్మోస్టాట్. ఉదయం బండి తీయగానే తలుపు మూసి ఉంటుంది, ఇంజను త్వరగా వేడెక్కుతుంది. 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో చేరగానే తలుపు తెరుచుకుంటుంది.

దాన్ని తెరిచేది ఎవరంటారా? మైనం! లోపల చిన్న లోహపు గిన్నెలో మైనం ఉంటుంది. వేడికి అది కరిగి, ఉబ్బి, ఒక పుల్లని తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు తలుపుని వెనక్కి లాగేస్తుంది. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నే అనే ఆయన కనిపెట్టిన ఈ ఉపాయమే ఇప్పటికీ కార్లలో నడుస్తోంది.

ఈ తలుపు రెండు రకాలుగా పాడవుతుంది. మూసుకుని బిగుసుకుపోవడం ఒకటి, తెరుచుకునే ఉండిపోవడం రెండోది. ఈ రెండిటి తేడా మా వైపు ప్రయాణంలోనే కనిపిస్తుంది. మా ఎస్. రాయవరం నుంచి అడ్డురోడ్డు, కోటవురట్ల మీదుగా నర్సీపట్నం దాటితే లంబసింగి ఘాటు మొదలవుతుంది. నిండా మనుషులతో, ఏసీ వేసుకుని, చిన్న గేరులో ఎక్కుతున్న బండిలో తలుపు మూసుకుపోయిందంటే ముల్లు చూస్తుండగానే ఎర్రగీత మీదికి పోతుంది. తెరుచుకుని ఉండిపోతే ప్రమాదం కనపడదు కాని, పైన లంబసింగి చలిలో ఇంజను ఎంతసేపటికీ వేడెక్కదు, హీటరు వేస్తే చల్లగాలే వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ముల్లు లేని కొత్త కార్లలో చలిని చెప్పే నీలిదీపం ఆరకుండా వెలుగుతుంది, లేదా ఇంజను దీపం వెలుగుతుంది.

ఎర్రదీపం వస్తే కంగారుపడకండి. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, వెడల్పైన చోట బండి ఆపండి. చేతిబ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టి ఇంజను ఆపేయండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం వెళ్ళకండి. కూతకొస్తున్న కుక్కరు మూత ఎవరైనా తీస్తారా? ఇదీ అంతే, సలసల కాగే నీళ్ళు మొహాన పడతాయి. గొట్టం చేత్తో పట్టుకోగలిగేటంత చల్లారేదాకా ఆగాలి. వేడి ఇంజను మీద చన్నీళ్ళు కుమ్మరించినా పగులుతుంది.

అయితే వేడెక్కిన ప్రతిసారీ తప్పు థర్మోస్టాట్‌దే అనుకోకూడదు. చల్లారాక కూలెంట్ మట్టం, కారుతున్న చోట్లు, ఫ్యాను, బెల్టు ముందు చూడాలి. అవన్నీ బాగుండి, ఇంజను కాగుతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే అప్పుడు అనుమానం తలుపు మీదికి వెళ్తుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. “మన ఎండలకి ఇది అనవసరమమ్మా, తీసి పారేస్తాను” అనే మెకానిక్కులు ఉన్నారు. పాత అంబాసిడర్, ఫియట్ల రోజుల నుంచీ వచ్చిన అలవాటది. ఒప్పుకోకండి. తలుపు లేని ఇంజను చల్లగా నడుస్తూ, పెట్రోలు సరిగా మండక, నూనె పాడై, లోపల త్వరగా అరిగిపోతుంది. కొన్ని ఇంజన్లలో అయితే దాన్ని తీసేస్తే నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరిగి వచ్చి, బండి మరింత కాగుతుంది కూడా.

తీసిన వస్తువుని “ఇలా ఇవ్వు నాయనా” అని అడిగి తీసుకోండి. వంటకి పనికిరాని పాత గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. చన్నీళ్ళలో తలుపు పూర్తిగా మూసి ఉండాలి. నీళ్ళు మరిగే లోపల బాగా తెరుచుకోవాలి. చల్లారితే మళ్ళీ మూసుకోవాలి. ఇందులో ఏది తప్పినా అది చెడిపోయినట్టే. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం ఇందులో ముంచకండి, పగిలిపోతుంది. కొన్ని కొత్త కార్లలో ఇది డొప్పతో కలిపి ఒకే ముక్కగా వస్తుంది, దాన్ని మొత్తంగా మార్చాల్సిందే.

మార్చేటప్పుడు దగ్గరుండి చూస్తే చాలు. ఇంజను పూర్తిగా చల్లారాలి. కొంత కూలెంట్ దింపి, గొట్టం ఊడదీసి, డొప్ప బోల్టులు విప్పుతారు. కొత్తదాని మీద అదే డిగ్రీల అంకె ఉందో లేదో చూడండి. స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండాలి. గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైకి రావాలి. పాత గాస్కెట్ గీకేసి కొత్తది వేయాలి. తరువాత కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంటే పోసి, గాలిబుడగలు పోయేదాకా ఇంజను నడిపి, తగ్గినంత మళ్ళీ నింపాలి. దింపిన కూలెంట్ రుచికి తియ్యగా ఉండే విషం. పిల్లలకీ, కుక్కలకీ అందకుండా చూడండి. పరీక్ష చేసిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండి.

చిన్న కార్లలో ఈ వస్తువు ఖరీదు వందల్లో ఉంటుంది. దాన్ని పట్టించుకోక ఇంజను హెడ్డు వంగితే ఖర్చు వేలల్లోకి పోతుంది, ఘాటు మధ్యలో పిల్లాపాపలతో పడే అవస్థ వేరే. ఈసారి బండి ఎక్కినప్పుడు ఒక్కసారి ఆ ముల్లు వైపు చూడండి. రోజూ అది ఎక్కడ నిలబడుతుందో మీకు తెలిసుంటే, తేడా వచ్చిన రోజున అందరికంటే ముందు కనిపెట్టేది మీరే.